మిగలనిది కూడా

నేను రాసే భాషలో దాని పేరు మాయ.
బిడ్డ బయటపడ్డాక "మాయ పడిందా?" అని అడిగేవాళ్ళు మంత్రసానులు.
అది పడేదాకా ఎవరూ చేతులు కడుక్కునేవారు కాదు.

ఇక్కడ, వైకటో నది పక్కన,
మావోరీలు దాన్ని ఫెనువా అంటారు.
నేలనీ ఫెనువా అనే అంటారు.
రెంటికీ ఒకటే మాటా, అని నేను ఆశ్చర్యపోతే
మెరెయానా వాళ్ళ అమ్మమ్మ నవ్వింది:
"మీకు రెండెందుకు కావాల్సొచ్చాయి?"

సంతకాల కాగితంలో పద్నాలుగు పేరాలు.
పదిహేనోది మెరెయానా చేత్తో రాసింది:
"మిగిలింది నాకు తిరిగివ్వాలి. మిగలనిది కూడా."
మా లాయరుకి రెండో వాక్యం అర్థం కాలేదు.
అలాగే ఉంచేశాం.

ఐసుపెట్టెలో పెట్టబోతూ తాకితే
ఇంకా వెచ్చగానే ఉంది.
అరకిలో బరువు.
ఒకవైపు నీలం వేళ్ళు పాకిన నునుపు,
ఇంకోవైపు అప్పుడే దున్నిన ఎర్రదుక్కి.
తన ఊపిరి తను తీసుకోలేని ఒకడి కోసం
తొమ్మిది నెలలు రాత్రీ పగలూ ఊపిరైన అవయవం.
వాడు కేక పెట్టగానే
దాని ఉద్యోగం పోయింది.

బిడ్డవైపు పొర ఒక్కటే ఒలిచాను.
ఉల్లిపొర దానిముందు గోనెపట్టా.
మిగతాదంతా మట్టికుండలో తిరిగి ఇచ్చేశాం.
పొరలోని కణాలు విడదీసి, కడిగి, లెక్కపెట్టి
నైట్రోజన్ చలిలో నిద్రపుచ్చాను.

ఎనిమిది నెలల తరవాత, జూలై చలికాలంలో,
డెస్మండ్ కారుథర్స్. పాడి రైతు. నూట ఎనభై ఆవులు.
ఫ్లూ అన్నారు. మూడోరోజు ఎక్స్‌రేలో
ఊపిరితిత్తులుండాల్సిన చోట పొగమంచు.
కొలిమితిత్తి లాంటిదే కదా ఊపిరితిత్తి,
నీళ్ళు తాగిన తోలైపోయింది.
దొంగ ఎప్పుడో గోడ దూకి పారిపోయాడు,
వాడు ఇంకా లోపలే ఉన్నాడని
ఒళ్ళు తన ఇంటిని తనే తగలబెట్టుకుంటోంది.

సగంమందికి కణాలు, సగంమందికి ఉప్పునీళ్ళు.
సంచికి ముదురు తొడుగు వేసి పంపుతాను.
ఏది ఎవరికో డాక్టరుకి తెలీదు, నర్సుకి తెలీదు.
తెలిసినదాన్ని నేను.
చెప్పకుండా ఉండడానికే నా జీతం.

ఆయన భార్య షర్లీ వరండాలో పట్టుకుని అడిగింది,
అవి లోపలికెళ్ళి కొత్త తిత్తులు కడతాయా అని.
కట్టవు. ఉండవు కూడా.
ఇల్లంతా అరుచుకుంటున్నప్పుడు
పక్కింటి పెద్దావిడ వచ్చినట్టు వస్తాయి,
గడపలో నిలబడి నాలుగు మాటలంటాయి, "ఇక చాల్లెండి" అని.
కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగవు.
మూడు నాలుగు రోజులకి వెతికినా దొరకవు.
ఎలుకల్లో చూశాం.
మనుషుల్లో చూస్తున్నాం.

పదకొండోరోజు డెస్మండ్ గొంతులోంచి గొట్టం తీశారు.
మొదట ఆవులనడిగాడు, తరవాత షర్లీని.
కొందరికి తీయలేదు, తీసినా లాభం లేకపోయింది.
ఆ పేర్లు నా రిజిస్టర్‌లో ఉన్నాయి.
ఏ సంచిలో ఏముందో
మీకూ చెప్పను.

ట్రయల్ ముగిశాక ఒక సీసా మిగిలింది, గడువు తీరినది.
పదిహేనో పేరా గుర్తుంది.
తీసుకెళ్ళాను.

అమ్మమ్మ దాన్ని ఎండకెత్తి చూసింది.
"ఇందులో ఎవరున్నారు?"
ఎవరూ లేరు, చనిపోయాయి అన్నాను.
"మిగతావి?"
ఎక్కడికెళ్ళాయో చెప్పకూడదు.
"ఊపిరి పీల్చే చోటికేనా?"

నేను నోరు విప్పలేదు.
నా ఛాతీ మాత్రం, నన్నడక్కుండానే,
ఒకసారి పైకి లేచి
దిగింది.

ఆవిడ ఇంకేం అడగలేదు.
కోఫై మొక్క మొదట్లో వేళ్ళతో గుంట తీసి
సీసా వంపింది. ఒక చెంచాడు కూడా లేదు.
తడిసిన ఆ మట్టిని గుప్పెడు తీసి
రెండేళ్ళ పిల్లాడు నోట్లో పెట్టుకోబోతుంటే
మెరెయానా పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.